పందెం లేని కళ్లు

రాయదుర్గంలో మేముండే ఇంటికీ, మా అమ్మాయి పనికి పోయే జీన్సు షెడ్డుకూ మధ్య ఒక్క గోడే అడ్డం. ప్యాంట్లకు గుండీలు కొట్టే మిషన్ ఆ గోడ పక్కనే ఉంది. పొద్దున కరెంటు వచ్చీ రాగానే అది మొదలవుతుంది. మధ్యలో మందపాటి బట్ట ఉంటుంది కాబట్టి ఇనుము మీద ఇనుము పడ్డట్టు ఉండదు. మొద్దుగా, బరువుగా, ఎండిన మొద్దు మీద మొద్దు పడ్డట్టు ఠక్కుమంటుంది. తర్వాత కొంచెం సందు. మళ్లీ ఠక్కు. ఆ సందులోనే నాకు పకీరప్ప తాత గుర్తుకొస్తాడు. రెండు పొట్టేళ్లు వెనక్కి వెనక్కి నడిచి, ఆగి, ఒకదాన్నొకటి చూసుకుని, పరిగెత్తుకొచ్చి తలలు కొట్టుకున్నప్పుడు వచ్చే చప్పుడు అచ్చం ఇదే. చప్పుడు అందరూ వింటారు, సందు వినేవాడికే పందెం తెలుస్తుంది అనేవాడు తాత.

నాకు సంతకం పెట్టడం వరకే వచ్చు. నేను చెబుతుంటే మా అమ్మాయి రాస్తోంది. ఆయన్ని ఎరగనివాళ్లు చదువుతారు కాబట్టి ముందు మనిషిని చెప్పాలి. పకీరప్ప దూదేకుల మనిషి. నల్లమాడ వైపు మా ఊళ్లో ఆయన ఇల్లు, మా ఇల్లు ఒకే గోడకు అటూ ఇటూ ఉండేవి. వయసులో ఉన్నప్పుడు సంతల్లో గొర్రెల బేరాలు చేశాడు, తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని ధర చెప్పుకునే బేరాలు. ముసలితనం వచ్చాక ఆయనకు మిగిలిన పని జోడు కట్టడం. మా వైపు జాతరల్లో అప్పట్లో పొట్టేళ్ల పందాలు జరిగేవి. ఏ పొట్టేలుకు ఏది సరిజోడో తేల్చడానికి ఒక మనిషి కావాలి. నోరు తెరిచి పళ్లు చూడాలి, పళ్లను బట్టే వయసు. రెండు పళ్లదాన్ని నాలుగు పళ్లదాని మీదికి వదలకూడదు. జోడు కట్టేవాడు తను మాత్రం పందెం కాయకూడదు. అది కట్టుబాటు. ఆయన ఎప్పుడూ కాయలేదు. పొడుగ్గా, ఎండిన తుమ్మకట్టెలాగా ఉండేవాడు. వేళ్ల మధ్య ఎప్పుడూ కొంచెం ఉన్ని పెట్టుకుని పోగు తీస్తూ ఉండేవాడు. ఆ పోగుతో ఏమీ నేసింది లేదు. ఇంట్లో ఆడదిక్కు లేదు, కొడుకులు ధర్మవరంలో మగ్గాల దగ్గర. అందుకని సంగటి నేనే ఇస్తుండేదాన్ని.

నేను కాపురానికొచ్చిన కొన్నేళ్లకు ఆయన కళ్లకు పొర కమ్మడం మొదలైంది. వెలుగు, నీడ తెలిసేవి, ఆపైన ఏమీ లేదు. పళ్లు వేలితో తడిమి చెప్పగలడు. నడక తడమలేడు కదా. జాతరకు ముందు పొట్టేళ్లను ఆయన వాకిట్లోకి తెచ్చేవాళ్లు. ఎట్లా ఉందప్పా అని చుట్టూ ఉన్నవాళ్లను అడిగేవాడు. దాని మీద కాయాలనుకున్నవాడు పులిలాగా ఉందనేవాడు, అవతలిదాని మీద కాసినవాడు కుంటుతోందనేవాడు. ఒక రోజు నేను మా అరుగు మీద విత్తనానికని చెనక్కాయలు వలుస్తూ కూర్చున్నాను. వాకిట్లో ఒక పొట్టేలును కట్టేశారు. తాత నా వైపు ముఖం తిప్పాడు.

"ఓబుళమ్మా, ఆ పొట్టేలు ఎట్ల నిలబడుండాది?"

"గుంజకాడ నిలబడుండాది తాతా."

"గుంజకాడ అని గుడ్డోనికి గూడా తెలుస్తాది. ఎట్ల నిలబడుండాది అంటాండా."

అప్పుడు చూశాను. బరువంతా వెనక కాళ్ల మీద వేసింది. ముందటి కుడికాలు నేలకు ఆనించింది గాని మోపలేదు. అదే చెప్పాను. తెచ్చినవాడు ఆడోళ్లకేం తెలుసు అని ఇంకేదో అనబోయాడు. తాత వంగి ఆ కాలు పట్టుకుని గిట్టల సందులో వేలు పెట్టాడు. పొట్టేలు ఎగిరి గంతేసింది. లోపల ముల్లు విరిగి చీము పట్టి ఉంది. ఆ జాతరకు దాన్ని జోడు కట్టలేదు.

అప్పటినుంచి అది నా పని అయింది. ఇంతమంది మగవాళ్లుండగా నన్నెందుకు అడుగుతావు తాతా అని తర్వాత అడిగాను. పోగు తీస్తూనే చెప్పాడు. "నీకు పందెం లేదు. పందెం ఉండే కండ్లు చూడవు అమ్మి, అడుక్కుంటాయి."

ఏం చూడాలో ఆయన ఒక్కసారి కూర్చోబెట్టి చెప్పింది లేదు. అడుగుతూ పోయేవాడు, నేను చూస్తూ పోయేదాన్ని. కొత్త చోట కట్టేస్తే నెమరు వేస్తోందా, లేక చెవులు నిక్కబొడుచుకుని నిలబడిందా. వేసే పేడ పిక్కలు గట్టిగా ఉన్నాయా, పలచబడ్డాయా. నుదుటి మీద పాత దెబ్బకు వెంట్రుక మళ్లీ మొలిచిందా, ఇంకా పచ్చిగానే ఉందా. బరిలో అయితే కొమ్ములు చూడాల్సిన పనే లేదు, కాళ్లు చూడాలి. ఎంత దూరం వెనక్కి పోతోంది, పోయినాక ఆగుతోందా, ఆగకుండానే పరిగెత్తుతోందా. ధైర్యం ముందుకు రావడంలో ఉండదట, వెనక్కి పోయి నిలబడటంలో ఉంటుందట. చూస్తూ చూస్తూ నాకే తెలియకుండా ఈ అలవాటు మనుషుల మీదికి కూడా వచ్చింది.

పందెం కాసేవాళ్లు ఆయన దగ్గరికొచ్చి ఏ పొట్టేలు మీద కాయాలో చెప్పమని బతిమాలేవాళ్లు. పేరు చెప్పేవాడు కాదు. ఒకటే ప్రశ్న వేసేవాడు, అది దేని మీద గెలిచిందప్పా అని. చాలామంది దగ్గర దానికి జవాబుండేది కాదు. గెలిచిందని తెలుసు, ఎన్ని జాతరలు గెలిచిందో తెలుసు. ఎదురుగా నిలబడింది ముసలిదా, అంతకుముందే దెబ్బ తిన్నదా, ఆ పొద్దే దూరం నుంచి నడిచొచ్చి అలిసిపోయిందా, అది ఎవరికీ గుర్తుండదు. కదిరి వైపు నుంచి ఒకాయన మీసం తిప్పుకుంటూ వచ్చి, మా పొట్టేలు పుట్టినకాడ్నుంచి ఓడిపోలేదు అన్నాడు. తాత తల ఊపాడు. "మా ఇంటి గుంజ గూడా ఓడిపోలేదప్పా. దాని మీదికి ఇంతవరకు ఎవురూ రాలేదు." వాకిట్లో అందరూ నవ్వారు, ఆ మీసమాయన కూడా చివరికి నవ్వాడు.

ఇంతవరకు అన్నీ ఇతరుల పొట్టేళ్లు. తర్వాత మా ఇంట్లోనే ఒకటి తయారైంది. మా ఇంటాయన దాన్ని పాలపళ్లప్పటి నుంచి సాకాడు. నల్లగా ఉండేది కాబట్టి కర్రెన్న అని పిలిచేవాళ్లం. వాన లేని ఏళ్లవి. చెనక్కాయ ఊడలు దిగే వేళకు వాన మొహం చాటేసేది, కాయ తెంపాక మిగిలే చెట్ల కట్టె కూడా పశువుల మేతకు చాలేది కాదు. మేము సజ్జరొట్టెతో సర్దుకున్నా కర్రెన్నకు నానబెట్టిన ఉలవలు తప్పలేదు. ఆ ఏడు అది వరసగా మూడు జాతరలు గెలిచింది. మా ఇంటాయన చెడ్డవాడు కాదు, మాటకారి కూడా కాదు. భూమి ఇవ్వని పేరు పొట్టేలు ఇచ్చింది. టీ అంగడి దగ్గర నలుగురూ ఆయన్ని పిలిచి కూర్చోబెట్టడం అప్పుడే మొదలైంది.

మా ఊరి జాతర వచ్చింది. కళ్యాణదుర్గం వైపు నుంచి ఒక ఎర్ర పొట్టేలును తెస్తున్నారని, అంతకుముందు రెండు చోట్ల ఓడిపోయిందని మాట వచ్చింది. దాని యజమాని తన సేద్యపు ఎద్దును పందెంలో పెట్టాడు. మా ఇంటాయన మా ఆరు గొర్రెలను పెట్టాడు. మాకున్నవే ఆరు. అందులో రెండు చూడివి. ఆయనకేం పిచ్చి అని ఊళ్లో అన్నారు గాని, ఆయన లెక్క ఆయనకుంది. అంతకుముందు ఏడాది మేత లేక మా జత ఎద్దుల్లో ఒకదాన్ని అమ్ముకున్నాం. ఒంటెద్దుతో సేద్యం సాగదు. ఇంకో ఎద్దు వస్తే చేను మన చేత్తో దున్నుకోవచ్చు. ఆరు గొర్రెలు పోతే మాత్రం ఆ ఇంట్లో పొయ్యి వెలగడానికి ఇంకేమీ లేదు.

జాతరకు ముందు రోజు ఎర్ర పొట్టేలును తాత వాకిట్లోకి తెచ్చారు. తాత పళ్లు తడిమాడు. నాలుగు. కర్రెన్నవీ నాలుగే. ఎప్పటిలాగానే చెప్పమన్నాడు. ఒక కొమ్ము కొన విరిగి ఉంది. చూసేవాళ్లకు అది బక్కగా, ఓడినదానిలాగానే కనిపించేది. కొత్త చోటయినా పడుకుని నెమరు వేస్తోంది. పిల్లలు రేకు డబ్బా విసిరితే తల ఎత్తి చూసి మళ్లీ నెమరు మొదలుపెట్టింది. నుదుటి దెబ్బలన్నీ మానిపోయాయి. నేను చెప్పింది విని తాత యజమానిని అడిగాడు, దేని చేతిలో ఓడిపోయిందని. అతను రెండు ఊర్ల పొట్టేళ్ల సంగతి చెప్పాడు. రెండూ తాతకు తెలిసినవే, పేరు మోసినవే. పారిపోయిందా అని అడిగితే, లేదు, రెండుసార్లూ తనే తువ్వాలు వేశానన్నాడు. మా వైపు కట్టుబాటు అది. పొట్టేలు ఇక తట్టుకోలేదనిపిస్తే ఆ ఇంటి మనిషి బరిలోకి తువ్వాలు వేయవచ్చు. పందెం పోతుంది, పొట్టేలు దక్కుతుంది. ఇంకెవరికీ ఆ హక్కు లేదు.

అతను పోయాక కర్రెన్న గెలిచిన మూడింటినీ తలుచుకున్నాను. మొదటిది పళ్లు అరిగిన ముసలిది. రెండోది ఆ పొద్దే దూరం నుంచి నడిచొచ్చింది. మూడోది బరి మొహం ఎప్పుడూ చూడనిది, రెండు దెబ్బలకే పారిపోయింది. కర్రెన్నకు పరిగెత్తడమే తెలుసు, నిలబడాల్సిన అవసరం దానికి ఇంతవరకు రాలేదు. మాది ఓడిపోతాదా తాతా అన్నాను. చూసింది నువ్వే కదా, నన్నడుగుతావేం అన్నాడు. పళ్లు సరిపోలేదని చెప్పు, జోడు కట్టొద్దు అన్నాను. ఆయన చేతిలో పోగు ఆగింది.

"రెండూ నాలుగు పళ్లవే అమ్మి. లేని పన్ను నేను యాడ నుంచి తెచ్చేది?"

ఆ పొద్దు సంగటి పంపాను గాని నేను తీసుకుపోలేదు.

మా ఇంటాయనకు చెప్పాను. తాతకుండే పొర నీ కండ్లకు గూడా వచ్చినట్టుండాది అన్నాడు. కాసేపటికి గొంతు తగ్గించి, ఒంటెద్దును ఎన్నాళ్లు కట్టేసుకోని కూచునేది అన్నాడు. మాట ఇచ్చేశాడు, పెద్దమనుషులు విన్నారు. జోడు కట్టడం కూడా అయిపోయింది.

కోసేసిన చేనులో బరి గీశారు. తాతకు గట్టు మీద ఒక ముక్కాలి పీట వేశారు. ఆడవాళ్లు అంత దగ్గరికి రారు, నేను మాత్రం ఆయన పక్కనే నిలబడ్డాను. అప్పటికి ఊరు దానికి అలవాటు పడిపోయింది. మొదట్లో కర్రెన్న దెబ్బలకు ఎర్రది వెనక్కి జరిగింది. జనం ఈలలు వేశారు. అవతలి గట్టు మీద మా ఇంటాయన చేతులు కట్టుకుని చిన్నగా నవ్వుతున్నాడు. నేను కనిపించింది కనిపించినట్టు తాతకు చెబుతూ పోయాను. ఎర్రది తక్కువ దూరమే వెనక్కి పోతోంది, పోయి ఆగుతోంది, ఊపిరి తీసుకుంటోంది. మాది దూరంగా పోతోంది గాని ఆగడం లేదు. తర్వాత ఆ దూరం కూడా తగ్గింది. నాలుకతో ముక్కు నాక్కుంది. వెనక కాలు ఒకసారి జారింది. జనానికి అప్పటికీ మాదే గెలుస్తున్నట్టుంది, ఎందుకంటే దెబ్బ దెబ్బకూ వెనక్కి జరిగేది ఎర్రదే.

"వెనక్కి పోయేది తగ్గిపోయింది తాతా. నిలబడకుండానే వస్తాంది. ఇంగ రెండు దెబ్బలు గూడా తట్టుకోదు."

తాత ముఖం నా వైపు తిప్పలేదు. "ఇది నాకు చెప్తాండావా, పొట్టేలింటి మనిషిగా చెప్తాండావా?"

ఆయన ఏం అడుగుతున్నాడో అర్థమైంది. గొర్రెలు ఎట్లాగూ పోయినట్టే. మిగిలేది ఏమన్నా ఉంటే అది కర్రెన్నే. అవతలి గట్టు మీద మా ఇంటాయన భుజాన తువ్వాలు అట్లాగే ఉంది, ఆయన చెయ్యి దాని మీదికి పోదు. పొట్టేలింటి మనిషిగానే అని చెప్పి, తాత భుజం మీది తువ్వాలు లాగి బరిలోకి వేశాను.

అందరూ ఒకేసారి మాట్లాడారు. గెలిచే పందెం ఆడది చెడగొట్టిందన్నారు. ఇంకేవేవో కూడా అన్నారు, అవి రాయించను. తాత కర్ర పట్టుకుని లేచాడు. "గుడ్డ పడింది. ఇంట్లోదే ఏసింది. అయిపాయె" అన్నాడు. మా ఇంటాయన నా వైపు చూడకుండా బరిలోకి నడిచి కర్రెన్న మెడ మీద చెయ్యి వేశాడు. చెయ్యి పడీ పడగానే దాని ముందటి మోకాళ్లు రెండూ మడతపడ్డాయి. ఆయన చేతుల్లోనే కూలబడింది. అరిచేవాళ్లు ఒక్కొక్కరే ఊరుకున్నారు. ఆయన దాని తల ఒళ్లో పెట్టుకుని కాసేపు అక్కడే కూర్చున్నాడు. ఆ తువ్వాలు మాట ఆయన బతికినన్నాళ్లూ మా ఇద్దరి మధ్య రాలేదు. తువ్వాలు మాత్రం దులిపి, తాత వాకిట్లో తీగ మీద తనే ఆరేసి వచ్చాడు.

మర్నాడు గొర్రెలను తోలుకుపోయారు. వెనక్కి తిరిగి చూశాయని చెబితే బాగుంటుంది. చూడలేదు. ముందుదాని వెనక వెనకది పోయింది. అవి ఉండి ఉంటే ఆ కరువులో శివరాత్రి లోపల మేమే అమ్ముకునేవాళ్లమేమో. అది కూడా చెప్పలేను. ఒంటెద్దు అమ్ముడుపోయింది. మా ఇంటాయన గుంతకల్లుకు పోయి మూటలు మోసే పనిలో చేరాడు. కర్రెన్న మళ్లీ బరిలో దిగలేదు. చుట్టుపక్కల మందలకు విత్తనపు పొట్టేలుగా పోయింది. తోలుకుపోయినవాళ్లు ఏడాదికొక పిల్లను ఇచ్చేవాళ్లు. అట్లా నెమ్మదిగా వాకిట్లో మళ్లీ కొన్ని గొర్రెలు కట్టుకున్నాం. మందగా చెప్పుకునేంత కాలేదు.

కొన్నేళ్లకు గుంతకల్లులోనే, మూట భుజాన ఉండగానే, గుండె ఆగి మా ఇంటాయన పోయాడు. కర్మలు అయ్యీ అవకముందే మా మరిది బోరు మాట ఎత్తాడు. అరచేతిలో కొబ్బరికాయ నిలబెట్టి నీళ్ల జాడ చెప్పే మనిషిని తీసుకొచ్చాడు. ఈయన చూపిన చోటల్లా నీళ్లు పడ్డాయి వదినా అన్నాడు. యాడెయాడ చూపినాడు అని అడిగాను. వాళ్లు చెప్పినవన్నీ చెరువు కింది మడులే. మాది గుట్ట వారన ఎర్రనేల. చెరువు కింద నేను గుచ్చినా పడతాయి గదప్పా అన్నాను. నేను ఒప్పుకోలేదు, బోరు వేయలేదు. గోడ అవతల తాత దగ్గాడు. అది దగ్గో నవ్వో నాకు తెలియలేదు.

ఆ తర్వాతి ఎండాకాలం తాత మంచం పట్టాడు. కొడుకులు ధర్మవరం నుంచి వచ్చారు. కదిరి నుంచి డాక్టరును తీసుకొచ్చి చూపించారు. ఏం లేదు, తగ్గిపోతుంది అని అందరూ చెబుతున్నారు. తాత నన్ను పిలిపించాడు. మంచం పక్కన కూర్చోమన్నాడు. చేతిలో ఉన్ని లేదు. ఉత్త వేళ్లే ఆడుతున్నాయి.

"అందరూ బాగుండాననే చెప్తాండారు. వాళ్ల మాట నాకొద్దు. నువ్వు జూసి చెప్పు, ఓబుళమ్మా."

పొట్టేలును చూసినట్టే చూద్దామనుకున్నాను. కాళ్లు చూశాను, వాపు ఉంది. నిన్నటికన్నా తగ్గిందేమో అనిపించింది. ఊపిరి విన్నాను. ఊపిరికీ ఊపిరికీ మధ్య సందు పెద్దదవుతోంది. నిద్ర వల్ల అయి ఉంటుందనిపించింది. ఏది చూసినా, చూసిన మరుక్షణం లోపల ఇంకొకటి దాన్ని దిద్దుతోంది. బరిలో నా ఆరు గొర్రెలూ పోతున్నా కనిపించింది. ఇక్కడ చేతికందేంత దూరంలో ఉన్న మనిషి కనిపించడం లేదు.

"నేను చెప్పలేను తాతా. నాకు పందెం ఉండాది."

ఆయన పెదవి పక్కకు పోయింది, నవ్వాడు.

"ఎంత పెట్టినావు?"

"ఉండేదంతా."

"అట్లయితే ఓడిపోతావు అమ్మి" అన్నాడు. మెల్లగా, తువ్వాలు కింద వేలు పట్టుకుని ధర చెప్పినట్టు, నా వేలు పట్టుకుని అన్నాడు. శుక్రవారం పొద్దున పోయాడు.

ఆ తర్వాత నాకు ఆ ఊళ్లో ఉండబుద్ధి కాలేదు. అమ్మాయితో ఈ ఊరికి వచ్చాను. పొట్టేళ్లను చూసి ఎన్నో ఏళ్లయింది. మొన్న అమ్మాయి ఒక మనిషిని ఇంటికి తీసుకొచ్చింది. అతనితో కలిసి సొంతంగా నాలుగు మిషన్లు పెట్టుకుని ప్యాంట్లు కుట్టిస్తుందట. మంచి పనిమంతుడు, పెట్టిన ప్రతి షెడ్డూ నడిచింది అని చెప్పింది. యాడ నడిచింది, ఎవురితో కలిసి నడిచింది అని అడిగాను. అంతవరకు అడగగలను. అతను పోయాక, మనిషి ఎట్లుండాడో నువ్వు చెప్పు అమ్మా అంది. పక్కింటామెను పిలిచి చూపించు, నా కండ్లు పనికిరావు అన్నాను. ఎందుకు పనికిరావని అడిగింది. అందుకే ఇదంతా చెప్పి రాయించాల్సి వచ్చింది.